వియర్ లేన్ ఆగ్నేయ మూల

ఎనభై ఐదు అక్టోబరు పద్నాలుగు, సోమవారం పొద్దున, హాల్డెన్‌షా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్ ఛైర్మన్ క్రౌథర్ నా గుడిసెకి వచ్చాడు. పందొమ్మిదేళ్ళలో ఆయన అందులో అడుగుపెట్టడం అది రెండోసారి. మొదటిసారి వానకి తలదాచుకోవడానికి వచ్చాడు.

"కూర్చో సిరిల్," అని ఆయనే కూర్చున్నాడు. గుడిసెలో ఉన్నది ఒకటే కుర్చీ.

నేను ఆ క్లబ్‌లో గ్రౌండు చూసుకునేవాణ్ణి. గడ్డి, సున్నపు గీతలు, గోలు వలలు, వాన నీరు బయటికి పోయే దారులు, అన్నీ నా పనే. మాది నాలుగో డివిజన్, లీగులో అన్నిటికంటే కిందిది. మా జట్టుని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నేతగాళ్ళనేవారు, ఊళ్ళో మిల్లులుండేవి కాబట్టి. మిల్లులు పోయాయి, పేరు మిగిలింది.

"ఈ నెలాఖరు నుంచి నీకు జీతం ఇవ్వలేం," అన్నాడు క్రౌథర్. "ఆటగాళ్ళకే రెండు వారాలుగా ఇవ్వలేదు. చెక్క స్టాండు మూసేశాక వచ్చే జనం సగానికి పడిపోయారు. పన్నుల వాళ్ళు కోర్టుకెళ్తామంటున్నారు."

ఆ ఏడాది మే నెలలో మరో ఊళ్ళో జనం కూర్చుని ఆట చూసే చెక్క స్టాండు కాలిపోయి మనుషులు చనిపోయారు. దాంతో దేశంలో ఉన్న చెక్క స్టాండులన్నిటికీ తనిఖీ వచ్చింది. మాది మూయించారు. పడగొట్టడానికి డబ్బు లేక అలాగే నిలబెట్టి ఉంచారు.

"మరి గ్రౌండు ఎవరు చూస్తారు?"

"అభిమానుల సంఘం వాళ్ళు, జీతం లేకుండా. లెన్ హేగ్ ముందుకొచ్చాడు. నువ్వూ వాళ్ళతో పాటు రావచ్చు. తలుపు తెరిచే ఉంటుంది."

"ఆ తలుపు తాళం నా దగ్గరుంది క్రౌథర్ గారూ."

తాళం చెవి బల్ల మీద పెట్టేశాను. నావి అనుకున్నవన్నీ తోపుడు బండిలో వేసుకున్నాను. కుర్చీ, కెటిల్, రేడియో, తొమ్మిది తివాచీ ముక్కలు. కుర్చీ కోసం ఆయన లేవాల్సి వచ్చింది.

తివాచీల సంగతి చెప్పాలి. వియర్ లేన్ గ్రౌండుకి ఆగ్నేయ మూల ఒకటుంది. దక్షిణం వైపు ఉన్న చెక్క స్టాండు కప్పు నీడ నవంబరు నుంచి దాని మీద నుంచి కదలదు. పైగా పాత మిల్లు కాలవ ఒకటి ఆ మూల కిందే పూడ్చేసి ఉంది. నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. గ్రౌండంతా మామూలుగా ఉన్న రోజు కూడా అక్కడ పది గజాల మేర రాయిలా గడ్డకడుతుంది. నా రెండో చలికాలంలో ఆ పది గజాల వల్ల ఒక ఆట రద్దయింది. ఆ తరవాత తివాచీల మిల్లు మూతపడుతుంటే మిగిలిన ముక్కలు కొన్నాను. నా భార్య ఎనిడ్ గోనెసంచుల సూదితో వాటిని రెండేసి పొరలుగా కుట్టింది. రాత్రి మంచు పడుతుందని రేడియోలో చెప్పిన ప్రతిసారీ, పొద్దు వాలకముందే వెళ్ళి ఆ మూలన పరిచేవాళ్ళం. నేనొక కొస, ఎనిడ్ ఒక కొస. మర్నాడు పొద్దున రిఫరీ రాకముందే తీసేసేవాళ్ళం. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు.

"నా గ్రౌండు" అనేవాణ్ణి నేను. ఎనిడ్ వెంటనే దిద్దేది. "మన గ్రౌండు. రెండో కొస ఎవరు పట్టుకుంటున్నారు?"

*

లెన్ హేగ్ గనిలో పనిచేసేవాడు. గని కార్మికుల ఏడాది సమ్మె ముగిశాక ఆ గని మూసేశారు. భార్య పోయి మూడేళ్ళయింది. చేతిలో పని లేదు, ఇంట్లో మనిషి లేదు. తనలాంటి వాళ్ళనే మరో ఆరుగురిని వెంటేసుకుని నవంబరు మొదటి వారంలో నా గుడిసెలో దిగాడు.

నవంబరు ముప్పైన నేను ఆట చూడటానికి వెళ్ళాను. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి గేటు దగ్గర టికెట్టు కొన్నాను. గేటు మనిషి నన్ను చూసి నవ్వాడు.

"ఏంటి సిరిల్, దారి తప్పావా?"

"ఆట చూద్దామని."

"ఆటా? చూసేవాళ్ళు చిన్నపిల్లల్లా ఏడుస్తారు మరి. మన ముందువరస వాళ్ళు మూడు ఆటల నుంచి గోలు ఎక్కడుందో వెతుక్కుంటున్నారు."

నాలుగు రోజులుగా వాన. లెన్, అతని మనుషులు పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం దాకా నాలుగు పళ్ళ ఫోర్కులతో గ్రౌండంతా పొడిచారట. నీళ్ళు దిగిపోయాయి. రిఫరీ సరేనన్నాడు. చుట్టుపక్కల ఆరు ఊళ్ళలో ఆటలు ఆగిపోతే మా ఊళ్ళో ఆట జరిగింది.

విరామంలో మైకు గరగరలాడింది. "ఈ ఆట జరుగుతోందంటే పొద్దున ఆరింటి నుంచి బురదలో నిలబడిన లెన్ హేగ్ వల్ల, అతని గని మిత్రుల వల్ల. ఒకసారి చప్పట్లు కొట్టండి."

చప్పట్లు కొట్టారు. గోలు వెనక మెట్ల మీద నిలబడే కుర్రాళ్ళు పాటెత్తుకున్నారు. "లెన్ హేగ్ ఒక్కడే, ఒక్కడంటే ఒక్కడే." గోల్స్ కొట్టే ఆటగాళ్ళకి పాడే పాట అది. లెన్ టోపీ తీసి ఊపాడు.

నేను లెక్క వేసుకున్నాను. ఏడాదికి ఇరవైమూడు లీగు ఆటలు, పందొమ్మిదేళ్ళు. నాలుగు వందల ముప్పై ఏడు. ఒక్కసారి కూడా ఆ మైకులో నా పేరు రాలేదు. గ్రౌండు బాగుంటే దాని గురించి ఎవరూ మాట్లాడరు, ఆ పనికి దక్కే మెప్పు అదే అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధమని ఆ రోజు తెలిసింది.

మిగిలిన సగం ఆట నేను చూడలేదు. వంక దొరుకుతుందేమోనని నేల చూశాను. మధ్య గీత ఒకచోట రెండంగుళాలు పక్కకి పోయింది. అది చూసి నాకు సంతోషం వేసింది. పక్కన నిలబడ్డ వాడికి చూపించాను.

"ఏ గీత?" అన్నాడు వాడు.

ఎనిడ్ గ్రౌండులో టీ కొట్టు నడిపేది. టీ, వేడి మాంసం రసం, పిండిలో మాంసం పెట్టి కాల్చిన పైలు. కిటికీలాంటి చోట ఇనుప తలుపు పైకెత్తి అమ్మేది. ఆట అయ్యాక ఏడుగురు గని మనుషులు ఆ కిటికీ ముందు వరసగా నిలబడి తింటున్నారు. లెన్ ఏదో అన్నాడు. ఎనిడ్ గరిటె ఎత్తి కొట్టబోయినట్టు చేసింది. అందరూ నవ్వారు.

ఇంటికొచ్చాక అడిగాను.

"ఏడుగురికీ ఊరికే ఇచ్చావట పైలు."

"ఆరు గంటల నుంచి బురదలో ఉన్నారు సిరిల్."

"నేనూ ఉన్నాను. పందొమ్మిదేళ్ళు."

"నీకు ఇంట్లో పెట్టాను కదా. రెండుసార్లు పెట్టమంటే రెండుసార్లు పెట్టాను."

"లెన్ ఏమన్నాడు?"

"ఎప్పుడు?"

"నువ్వు గరిటె ఎత్తినప్పుడు."

ఎనిడ్ నా వైపు చూసింది. "పైలో మాంసం దొరకలేదు, గాలించడానికి గనిలోంచి దీపం తెచ్చుకోవాల్సింది అన్నాడు. రాసుకుంటావా?"

ఆ వారం మా జిల్లా పేపర్లో లెన్ ఫొటో వేశారు. చేతిలో ఫోర్కు. ఆ ఫోర్కు పిడికి నల్ల టేపు చుట్టి ఉంది. చుట్టింది నేను.

*

జనవరి మధ్య నుంచి నేల గడ్డకట్టింది. ఐదు వారాలు మా ఊళ్ళో ఆట లేదు. ఆట లేకపోతే గేటు లేదు, అంటే టికెట్ల డబ్బు లేదు. గేటు లేకపోతే మా లాంటి క్లబ్‌కి వేరే రాబడి లేదు. కోర్టు తేదీ ఫిబ్రవరి ఇరవై ఆరు, బుధవారం అని తేలింది. దానికి ముందు మా గ్రౌండులో ఉన్నది ఒకే ఆట, శనివారం ఇరవై రెండున, పక్కూరి స్కార్‌బెక్ యునైటెడ్‌తో. మామూలు ఆటకి పన్నెండు వందల మంది వస్తే స్కార్‌బెక్‌తో ఆటకి ఆరువేల మంది వస్తారు. ఆ గేటు చేతికొస్తే పన్నుల వాళ్ళకి సగం కట్టి కోర్టులో నిలబడొచ్చునని క్రౌథర్ పేపరువాళ్ళకి చెప్పాడు. ఊరంతా ఆకాశం చూడటం మొదలుపెట్టింది.

ఆటకి ముందు ఆదివారం లెన్ మా ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గరే బూట్లు విప్పాడు. ఎడమ మేజోడుకి చిల్లుంది.

"లోపలికి రా లెన్, చలి," అంది ఎనిడ్. అతనికి నా ఎదురుగా కుర్చీ వేసింది. గుడిసెలోంచి నేను తెచ్చుకున్న కుర్చీ అదే.

"నేను సూటిగా అడుగుతాను సిరిల్," అన్నాడు లెన్. "బొగ్గు గురించి అడిగితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెప్తాను. గడ్డి గురించి నాకేం తెలీదు. నవంబరులో అదృష్టం బాగుండి గట్టెక్కాం. ఈ శనివారం ఆట జరగకపోతే క్లబ్ లేదు. నీకు తెలిసింది చెప్పు. చెప్పింది చేస్తాను. లేదంటే నువ్వే వచ్చి నిలబడు, మేం ఏడుగురం నువ్వేం చెప్తే అది చేస్తాం."

"జీతం లేకుండానా?"

"మాకూ లేదు కదా."

"మీకు పాటలున్నాయి," అన్నాను.

లెన్ నవ్వాడు. నేను హాస్యమాడాననుకున్నాడు. "ఆ కుర్రాళ్ళకి ఏ పేరు దొరికితే దానికి పాట కట్టేస్తారు. డిసెంబరులో రిఫరీ కుక్కకి కట్టారు."

జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు. పెన్సిలు మొన నాలికతో తడుపుకున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. అంతా చెప్పాను. గోలు స్తంభాల ముందు ఇసుక ఎంత చల్లాలో, ఉప్పు ఎందుకు చల్లకూడదో, గడ్డి ఎత్తు ఎంత ఉంచాలో, శుక్రవారం సాయంత్రం రోలరు ఎందుకు ముట్టుకోకూడదో, ఉత్తరం గోలు దగ్గర గడ్డి పరకలు ఏ మూట నుంచి వాడాలో. గంటా పావు చెప్పాను. అతను పదకొండు పేజీలు రాశాడు. అర్థం కానిచోట ఆపి మళ్ళీ అడిగాడు. బాగా నేర్చుకునే మనిషి. అదీ నాకు నచ్చలేదు.

"ఇంకేమైనా ఉందా?" అన్నాడు చివర.

ఎనిడ్ వంటింట్లో బఠాణీలు వడకడుతోంది. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"లేదు, అంతే," అన్నాను.

లెన్ పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. "చాలా గొప్ప పని చేశావు సిరిల్. ఈ శనివారం గట్టెక్కితే మన గ్రౌండు నిలబడుతుంది."

మన గ్రౌండు అన్నాడు.

ఎనిడ్ పళ్ళెం తెచ్చి అతని ముందు పెట్టింది. పై, బఠాణీలు, మీద ఉల్లి గ్రేవీ. నాకు పెట్టినదానికంటే అతని పైముక్క పెద్దది. కొలిచి చూడలేదు, చూస్తే తెలిసింది.

*

బుధవారం నుంచి చలి కొంచెం తగ్గింది. గురువారం నేల మెత్తబడింది. శుక్రవారం మధ్యాహ్నం రేడియోలో రాత్రికి మళ్ళీ మంచు అన్నారు, పెద్దగా కాదు, తెల్లారాక ఎండ వస్తుందన్నారు. గ్రౌండుకి అది చాలు. పొద్దున తొమ్మిదింటి ఎండకే నేల వదులుతుంది, ఆగ్నేయ మూల తప్ప.

మూడున్నరకి ఎనిడ్ కిటికీ దగ్గర నిలబడి మబ్బు చూసింది.

"తివాచీలు లెన్‌కిచ్చావా?"

"ఇచ్చాను," అని పేపరు తిరగేశాను.

"ఎప్పుడు?"

"నువ్వు బేకరీకి వెళ్ళినప్పుడు."

"నన్నూ పిలవాల్సింది. వాళ్ళకి పరచడం తెలీదు. కుట్టు కింది వైపు ఉండాలి."

"చెప్పాను."

పొద్దు ఐదూ ఇరవైకి వాలింది. అప్పటిదాకా టైముంది. షెడ్డు మా పెరట్లో పదిహేను అడుగుల దూరంలో ఉంది. తోపుడు బండి దాని గోడకే ఆనించి ఉంది. నేను కుర్చీలోంచి లేవలేదు.

*

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకి రిఫరీ వచ్చాడు. పొట్టి మనిషి, పొడుగు కోటు. క్రౌథర్, లెన్, స్కార్‌బెక్ నుంచి వచ్చిన డైరెక్టరు ఒకాయన వెంట ఉన్నారు. కంచె వెనక వందమంది దాకా జనం. లెన్ నన్ను చూసి చెయ్యి ఊపి లోపలికి పిలిచాడు. వెళ్ళాను. ఎనిడ్ టీ కొట్టు ఇనుప తలుపు ఎత్తి చూస్తోంది. ఆరువేల మందికని బేకరీ నుంచి వచ్చిన పైల ట్రేలు ఆమె వెనక కప్పు దాకా పేర్చి ఉన్నాయి.

రిఫరీ ఉత్తరం గోలు దగ్గర మొదలుపెట్టాడు. మడమతో నొక్కాడు. దిగింది. బంతి వదిలాడు. మెత్తగా లేచింది. మధ్యలోకి వచ్చాడు. జేబులోంచి తాళం చెవి తీసి గుచ్చాడు. దిగింది. తల ఊపాడు. పశ్చిమం వైపు గీత వెంబడి నడిచాడు. అంతటా దిగింది.

"ఇంత మంచి నేల ఈ నెలలో నేనెక్కడా చూడలేదు," అన్నాడు.

"గురువు సిరిల్," అన్నాడు లెన్ నా వైపు చూపించి. "నేను రాసుకున్నవాణ్ణి, అంతే."

రిఫరీ నాకు చెయ్యిచ్చాడు. ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆ తరవాత ఆయన ఆగ్నేయ మూలకి నడిచాడు.

మడమ మోపాడు. టక్కుమంది. బంతి వదిలాడు. రోడ్డు మీద వదిలినట్టు భుజం ఎత్తుకి లేచింది. తాళం చెవి గుచ్చితే వంగింది.

లెన్ మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి నేల మీద పెట్టాడు.

"పది గజాలే కదా అయ్యా," అన్నాడు. "ఆట మూడింటికి. అప్పటికి ఎండొస్తే వదిలేస్తుంది. కావాలంటే ఇప్పుడే ఇసుక పోస్తాం."

"ఇక్కడ ఒకడి కాలు విరిగితే జవాబు చెప్పాల్సింది నేను," అన్నాడు రిఫరీ. "ఇక్కడికి ఎండ ఎన్నింటికొస్తుంది?"

లెన్‌కి తెలియదు. నా వైపు తిరిగాడు. "సిరిల్, ఇక్కడికి ఎండ ఎప్పుడొస్తుంది?"

"మార్చి పదో తారీఖున," అన్నాను.

స్కార్‌బెక్ డైరెక్టరు నవ్వాడు. నవ్వి, తప్పయినట్టు రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రిఫరీ తాళం చెవిని రెండు చేతులతో సరిచేసుకుని ఆట లేదన్నాడు.

కంచె వెనక అలజడి మొదలైంది. మొదట నిట్టూర్పులు, తరవాత కేకలు.

"బొగ్గు తవ్వుకునేవాడికి గడ్డెందుకురా!"

"ఒక్క మూల చూసుకోలేకపోయావా లెన్? ఒక్క మూల!"

"గనే నయం లెన్, అక్కడెవడూ నిన్ను చూడడు!"

నవంబరులో పాడిన కుర్రాళ్ళే మళ్ళీ పాడారు. లెన్ హేగ్ ఒక్కడే, ఒక్కడంటే ఒక్కడే. ఈసారి సాగదీసి, వెక్కిరింతగా. లెన్ వాళ్ళకెదురుగా నడిచి వెళ్ళి టోపీ తీశాడు. "నా తప్పే," అన్నాడు. "నేనే చూసుకోవాల్సింది."

నాకు బాగుంది. అబద్ధం చెప్పను. క్లబ్ గుర్తుకు రాలేదు, కోర్టు గుర్తుకు రాలేదు. నేను కంచె దాకా నడిచినంతసేపు బాగుంది.

పైలు పాడవకుండా ఎక్కడ పెట్టాలన్నది తరవాత వచ్చిన సమస్య. కొన్ని బేకరీ వాడు వెనక్కి తీసుకున్నాడు, కొన్ని ఎనిడ్ సగం ధరకి అమ్మింది. ఇరవై ట్రేలు మిగిలాయి. క్రౌథర్ తన వ్యానులో మా ఇంటికి చేర్చాడు.

"షెడ్డులో పెడదాం, చల్లగా ఉంటుంది," అంది ఎనిడ్.

"నేను పెడతాలే. నువ్వు లోపలికి వెళ్ళు."

ఆమె అప్పటికే ఒక ట్రే ఎత్తుకుంది. పాదంతో షెడ్డు తలుపు నెట్టింది.

తివాచీలు చుట్టలు చుట్టి ఎడమ గోడకి పేర్చి ఉన్నాయి. తొమ్మిది. ప్రతిదానికీ తాడు కట్టి ఉంది. ముందరి దాని మీద ఆమె కుట్టు కనిపిస్తోంది. ఎనిడ్ ఆ కుట్టు చూసింది. తరవాత ట్రేని ఆ చుట్టల మీద పెట్టింది.

"మిగతావి కూడా తే," అంది.

ఇరవై ట్రేలూ వాటి మీదే పేర్చాం. వారం రోజులు మేం ఆ పైలే తిన్నాం. తివాచీల గురించి ఆమె ఆ రోజు అడగలేదు, తరవాతా అడగలేదు. నాకు దగ్గు ఎక్కువగా ఉందని చెప్పి వెనక గదిలో పక్క వేసుకుంది. ఆ చలికాలం నాకు దగ్గు లేదు.

*

బుధవారం కోర్టులో క్లబ్‌కి జూన్ దాకా గడువిచ్చారు. అదీ క్రౌథర్ అంతకుముందు రోజు మా ముందువరస ఆటగాడు డెరెక్ పికప్‌ని అమ్మేశాడు కాబట్టి. కొన్నది స్కార్‌బెక్ వాళ్ళు. వాళ్ళ డైరెక్టరు రుమాలు లోపల పెట్టి చెక్కుబుక్కు తీశాడని ఊళ్ళో చెప్పుకున్నారు.

మార్చి మొదట్లో క్రౌథర్ ఫోను చేశాడు.

"లెన్ మానేశాడు సిరిల్. జనం ఊరుకోవడం లేదు. ఆ నేల సంగతి నీ ఒక్కడికే తెలుసని నాకు ముందే తెలిసుండాల్సింది. జీతం ఇవ్వలేను, కానీ రమ్మని అడుగుతున్నాను."

వెళ్ళాను. జీతం లేకుండానే వెళ్ళాను. లెన్ గుడిసె తాళం చెవి నా చేతికిచ్చాడు. లోపల నేల తుడిచి ఉంది. ఫోర్కులు కడిగి వరసగా వేలాడదీసి ఉన్నాయి.

"ఇంకోసారి అడిగి ఉండాల్సింది," అన్నాడు. "నిన్ను సరిగ్గా అడగలేదేమో అనిపిస్తోంది."

"సరిగ్గానే అడిగావు," అన్నాను. అంతకంటే చెప్పలేకపోయాను.

రద్దయిన స్కార్‌బెక్ ఆట ఏప్రిల్ ఇరవై రెండు, మంగళవారం సాయంత్రానికి పడింది. మా జట్టు అప్పటికి పట్టికలో అట్టడుగున ఉంది. పదమూడు వందల నలభై మంది వచ్చారు. గ్రౌండు ఎంత బాగుందంటే అవతలి జట్టు కెప్టెను వంగి గడ్డి నిమిరాడు. డెరెక్ పికప్ మా మీద గోలు కొట్టి, చేతులెత్తకుండా తలవంచుకుని వెనక్కి నడిచాడు. అదొక్కటే గోలు.

విరామంలో మైకు గరగరలాడింది.

"ఈ నేలని మళ్ళీ నేలగా చేసిన మనిషి, పందొమ్మిదేళ్ళు మనకి సేవ చేసిన మనిషి, సిరిల్ బూత్రాయిడ్!"

చప్పట్లు కొట్టారు. నవంబరులో కొట్టినన్ని కావు, జనం తక్కువ కదా. కానీ కొట్టారు. నేను మొదట టీ కొట్టు వైపు చూశాను. ఎనిడ్ కిటికీలో నిలబడి ఉంది. చెయ్యి పైకెత్తి ఇనుప తలుపు కిందికి లాగింది. విరామంలో టీ కొట్టు మూయడం ఎప్పుడూ జరగలేదు. వరసలో ఉన్నవాళ్ళు తలుపు మీద తట్టడం నేనున్న చోటికి వినిపించింది.

ఇంట్లో అడిగాను.

"మైకులో విన్నావా?"

"విన్నాను."

"పందొమ్మిదేళ్ళకి మొదటిసారి."

"అవును," అంది. తడిచెయ్యి గుడ్డకి తుడుచుకుంది. "నీ గ్రౌండు కదా."

జూన్‌లో కోర్టు క్లబ్‌ని మూసేసింది. తాళాలు వేరేవాళ్ళు వేశారు. గడ్డి ఆ వేసవంతా పెరిగింది.

ఆగస్టులో ఒకరోజు షెడ్డులోకి వెళ్ళాను. ఎడమ గోడ ఖాళీగా ఉంది. తోపుడు బండి చక్రాల గీతలు పెరట్లోంచి వీధిలోకి పోయాయి. ఎనిడ్‌ని అడగలేదు.

*

అక్టోబరులో కౌన్సిల్ వాళ్ళు కూరగాయలకి కౌలుకిచ్చే మళ్ళ పక్క నుంచి నడిచి వస్తున్నాను. నాకు ఉద్యోగం పోయి ఏడాదయింది. లెన్ తన మడిలో ఉన్నాడు. ఉల్లి మొలకల మడి. మడి చివర తివాచీలు పరిచి ఉన్నాయి. మూడు పరిచాడు, నాలుగోది సగం విప్పి ఉంది. కుట్టు కింది వైపుకి ఉంది.

"ఏం సిరిల్," అన్నాడు. "గడ్డి లేక చేతులు దురద పెడుతున్నాయా?"

"ఇవెక్కడివి?"

"మన ఎనిడ్ ఇచ్చింది, వేసవిలో. మంచు నేలలోకి దిగనివ్వవట. మీరిద్దరూ ఎక్కడ పరిచేవాళ్ళో కూడా చెప్పింది."

అతను నా మొహం చూడలేదు. వంగి తివాచీ అంచు సరిచేశాడు. గాలికి రెండోవైపు లేచింది.

"ఆ కొస పట్టుకుంటావా? ఒక్కడివల్ల కావడం లేదు."

కంచె దాటి వెళ్ళి పట్టుకున్నాను. ఇద్దరం కలిసి లాగి పరిచాం. అతనికి అంతా తెలుసు. ఎనిమిది నెలలుగా ఊరివాళ్ళ మాటలు పడి, తెలిశాక కూడా ఎక్కడా నోరు విప్పలేదు. ఆ సంగతి నాకు అప్పుడే అర్థమైంది. అర్థమయ్యాక కూడా, తొమ్మిదో తివాచీ పరిచేదాకా నా చెవిలో తిరుగుతున్నది వేరే.

మన ఎనిడ్ అన్నాడు.